గోదావరి రేవుని బొమ్మ కట్టిన మనిషి – దామెర్ల రామారావు గారి జీవితం



ఈ నెల గోడపత్రికలో గొప్పవాళ్ళ జీవితం రాసే వంతు మా తొమ్మిదో తరగతికి వచ్చింది. ఎప్పుడూ మనం గాంధీగారి గురించి, అల్లూరి సీతారామరాజు గారి గురించి రాస్తాం. అవి అందరికీ కంఠతా వచ్చేసేయి. అందుకని నేను ఈసారి బొమ్మలు వేసే ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు దామెర్ల రామారావు. మన తెలుగు మాస్టారు ఇచ్చిన ఒక పాత పుస్తకంలో ఈయన గురించి చదివేను. అందులో అచ్చు వేసిన బొమ్మలు నలుపు తెలుపులో ఉన్నాయి. రంగులు ఎలా ఉంటాయో నేనే ఊహించుకోవాల్సి వచ్చింది. తప్పులుంటే క్షమించండి.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. పోయిన సంవత్సరం స్కూల్లో డ్రాయింగు పోటీ పెట్టేరు. మీకు నచ్చిన దృశ్యం వెయ్యండి అన్నారు. మేం ముప్పై మందిమి వేసేం. ముప్పై మందీ ఒకే బొమ్మ వేసేం. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, ఏటి ఒడ్డున పెంకుటిల్లు, పక్కన కొబ్బరి చెట్టు. నేనూ అదే వేసేను. మా ఊళ్ళో ఒక్క కొబ్బరి చెట్టు కూడా లేదు. మరి ఎందుకు వేసేనో నాకే తెలీదు. బొమ్మ అంటే అదే అనుకున్నాను. రామారావు గారి జీవితం చదివేక నాకు కొంచెం సిగ్గేసింది. ఎందుకో చివర్లో చెప్తాను.

పుట్టుక, బాల్యం

దామెర్ల రామారావు గారు 1897వ సంవత్సరం మార్చి 8న రాజమండ్రిలో పుట్టేరు. ఇప్పుడు ఆ ఊరిని రాజమహేంద్రవరం అంటున్నారు. మన శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, అంటే ఆమదాలవలసలో రైలెక్కితే, విజయనగరం, విశాఖపట్నం, తుని దాటి వెళ్ళాలి. ఆ ఊరు గోదావరి ఒడ్డున ఉంటుంది. మన నాగావళి, వంశధార కంటే గోదావరి చాలా వెడల్పు. ఆయన చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే, 1900లో, అక్కడ గోదావరి మీద పెద్ద రైలు వంతెన తెరిచేరు. ఒడ్డు పొడుగునా స్నానాల రేవులు, మెట్లు, గుళ్ళు. రేవులో పొద్దున్నే నీళ్ళకొచ్చే ఆడవాళ్ళు, పడవలు, పశువులు. ఈ పిల్లవాడు పుట్టిన దగ్గర్నుంచి చూసింది అదే.

ఆయనకి చదువు మీద కంటే బొమ్మల మీద ధ్యాస ఎక్కువ. ఇది చదివి మన క్లాసులో కొంతమంది సంతోషపడతారని నాకు తెలుసు. కానీ ఆయన ఊరికే ఉండలేదు. మిగతావాళ్ళు పుస్తకం ముందు కూర్చున్నంత సేపూ ఆయన కాగితం ముందు కూర్చున్నారు. కష్టం మాత్రం తప్పలేదు.

గుర్తించిన గురువు

ఆ రోజుల్లో రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు ఆయన ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. ఆయన దొర అయినా మన దేశం బొమ్మలన్నా, శిల్పాలన్నా ఎంతో ఇష్టం. తాను కూడా రంగులతో బొమ్మలు వేసేవారు. రాజమండ్రిలో ఉన్న సంవత్సరాల గురించి తర్వాత ఒక పుస్తకం కూడా రాసేరు. ఈయన కొంతమంది కుర్రాళ్ళని దగ్గరికి తీసి బొమ్మలు వెయ్యడం నేర్పించేరు. వాళ్ళలో ఒకరు అడివి బాపిరాజు గారు. తర్వాత నవలలు రాసి పెద్ద పేరు తెచ్చుకున్నది ఆయనే. ఇంకొకరు మన రామారావు గారు.

కూల్డ్రే గారు రామారావు గారి చెయ్యి చూసి, ఇతను మామూలుగా వేసేవాడు కాదని పోల్చుకున్నారు. ఇంట్లోనే ఉంటే ఇంతటితో ఆగిపోతాడని, 1916లో తన సొంత డబ్బు ఖర్చు పెట్టి బొంబాయి పంపించేరు. ఎవరి బిడ్డ, ఎవరి డబ్బు! ఆలోచించండి. మన్లో ఎవరికైనా ఒక మాస్టారు దారి చూపించకపోతే మనం ఈ హాస్టల్ దాకా వచ్చేవాళ్ళమా? నా మట్టుకు నేను వచ్చుండేదాన్ని కాదు. మా ఊరు బడి మాస్టారు మూడుసార్లు కొండెక్కి వచ్చి మా అయ్యతో మాట్లాడితేనే నన్ను పంపేరు. ఆ మాట ఇక్కడ ఎందుకంటే, గొప్పవాళ్ళ వెనకాల ఇలాంటివాళ్ళు ఒకరైనా ఉంటారని చెప్పడానికి.

బొంబాయి చదువు

బొంబాయిలో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ అని పెద్ద కళాశాల ఉంది. 1857లో పెట్టేరు. ఇప్పటికీ ఉంది. దాని ఎదురుగానే పెద్ద మార్కెట్టు. అవతల పెద్ద రైల్వే స్టేషను. ట్రాములు, గుర్రబ్బళ్ళు, కూలీలు, కూరగాయల గంపలు, దేశంలో అన్ని భాషలవాళ్ళు. గోదావరి రేవు చూసిన కళ్ళకి అది వేరే లోకంలా ఉండుంటుంది. శ్రీకాకుళం బస్టాండు మొదటిసారి చూసినప్పుడే నాకు భయమేసి మా అప్ప కొంగు పట్టుకున్నాను. బొంబాయి అంటే ఇంకెలా ఉంటుందో!

అక్కడ ఇంగ్లండు పద్ధతిలో చదువు చెప్పేవారు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ఉన్నది ఉన్నట్టు గియ్యాలి. ఎముక ఎక్కడుంది, కండ ఎక్కడుంది, వెలుగు ఎటు పడుతోంది, నీడ ఎటు పోతోంది, అన్నీ చూడాలి. నీటి రంగులు, నూనె రంగులు రెండూ నేర్పేవారు.

నూనె రంగులు అంటే ఏమిటో నాకూ తెలీదు. మాస్టారు చెప్పేరు. రంగు పొడిని అవిసె నూనెలో మెత్తగా నూరి, బిగించి కట్టిన గుడ్డ మీద వేస్తారట. నీటి రంగు వెంటనే ఆరిపోతుంది, తప్పు చేస్తే దిద్దుకోవడం కష్టం. నూనె రంగు ఆరడానికి రోజులు పడుతుంది. అందుకని మెల్లగా దిద్దుకుంటూ, మీద మీద పూసుకుంటూ వెయ్యొచ్చు. మన ఇళ్ళల్లో క్యాలెండర్ల మీద లక్ష్మీదేవి, సరస్వతి బొమ్మలు ఉంటాయి కదా, అలాంటి బొమ్మలు నూనె రంగుల్లో వేసేవారు కేరళ రాజా రవివర్మ గారు. ఆయన 1906లో పోయేరు. ఆయన వేసినవి అచ్చు కొట్టి దేశమంతా అమ్మేరు. రామారావు గారు చిన్నప్పుడు బొమ్మ అంటే అందరికీ రవివర్మే.

బొంబాయిలో రామారావు గారు పైకొచ్చేరు. అక్కడ ప్రిన్సిపాల్ గ్లాడ్‌స్టన్ సాలమన్ గారికి ఆయన పని బాగా నచ్చింది. 1920 నాటికి ఆ చదువు పూర్తయింది.

అజంతా గోడలు

ఆయన అజంతా, ఎల్లోరా గుహలు కూడా చూసేరు. అవి మహారాష్ట్రలో ఉన్నాయి. అజంతాలో కొండని తొలిచి గుహలు చేసి, లోపల గోడల నిండా బొమ్మలు వేసేరు. కొన్ని రెండు వేల సంవత్సరాల నాటివి. మిగతావి పదిహేను వందల సంవత్సరాల నాటివి. ఆ బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలీవు. అందులో రాజులూ, బుద్ధుడి కథలూ ఉన్నాయి. వాటితో పాటు పనివాళ్ళు, పిల్లలు, ఏనుగులు, కోతులు, వీధిలో నడిచే జనం కూడా ఉన్నారు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. అజంతా వాళ్ళు బొమ్మ వేసే ముందు రాతి గోడకి మట్టి మెత్తేరట. ఆ మట్టిలో వరి ఊక, గడ్డి, పేడ లాంటివి కలిపేరట. దాని మీద సన్నగా సున్నం పూసి రంగులు వేసేరట. ఇది చదివి నేను పక్కనున్న దాన్ని గిల్లేను. మా సవరల ఇళ్ళకి గోడలు అలాగే మెత్తుతాం కదా! ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి కలిపిన నీళ్ళతో, పుల్ల చివర నలిపి, మా పెద్దలు బొమ్మలు వేస్తారు. మనుషులు, చెట్లు, ఏనుగులు, గుర్రాలు, సూర్యుడు, చంద్రుడు. పంట బాగా రావాలన్నా, ఎవరికైనా జబ్బు చేసినా, చచ్చిపోయినవాళ్ళని తలుచుకోవాలన్నా వేస్తారు. అది పూజ అనుకున్నాను గానీ బొమ్మ అని నేనెప్పుడూ అనుకోలేదు. పోటీలో అది వెయ్యొచ్చని తోచనే లేదు.

తిరిగి రాజమండ్రి

చదువు అయిపోయేక రామారావు గారు బొంబాయిలోనే ఉండిపోవచ్చు. పెద్ద ఊరు, పెద్దవాళ్ళు, డబ్బులు. కానీ ఆయన రాజమండ్రి వచ్చేసేరు. రెండు మూడేళ్ళు తిరక్కుండానే స్నేహితులతో కలిసి అక్కడ బొమ్మల బడి పెట్టేరు. వరదా వెంకటరత్నం గారు ఆయనకి ఆ పనిలో తోడు.

ఆయన బొమ్మల గురించి చెప్తాను. పుష్పాలంకరణ అని ఒక బొమ్మ ఉంది. అందులో ఆడవాళ్ళు పూలతో సింగారించుకుంటారు. కార్తీక పౌర్ణమి అని ఇంకొకటి. ఆ రోజు ఆడవాళ్ళు గోదావరిలో దీపాలు వదులుతారు కదా, అదే బొమ్మ. నంది పూజ అని ఇంకొకటి. సిద్ధార్థ రాగోదయం అని బుద్ధుడి మీద ఒకటి. ఋష్యశృంగుడి కథ మీద ఒకటి వేసేరు. తూర్పు కనుమల్లో గోదావరి పారుతున్న బొమ్మలు కూడా ఉన్నాయి. తూర్పు కనుమలు అంటే ఎక్కడివో కావు, మన కొండలే! మన సీతంపేట కొండలు, గుమ్మలక్ష్మీపురం కొండలు, అక్కడ గోదావరి పక్కన పాపికొండలు, అన్నీ ఒకే వరస. సోషల్ పుస్తకంలో మనం గీత గీసి రంగు వేసే కొండల్ని ఆయన నిజంగా బొమ్మ కట్టేరు.

అప్పట్లో మన దేశంలో బొమ్మలు రెండు రకాలుగా ఉండేవి. ఒకటి రవివర్మ గారి రకం, ఇంగ్లండు పద్ధతి. రెండోది కలకత్తా వైపు నడిచిన రకం. వాళ్ళు లేత రంగులతో, మంచు పట్టినట్టు వేసేవారు. రామారావు గారు రెండింటినీ గౌరవించేరు గానీ దేన్నీ మక్కీకి మక్కీ దించలేదు. బొంబాయిలో నేర్చుకున్న కొలతలు, అజంతా గోడల మీది గీత, ఈ రెండూ తీసుకుని, మన తెలుగు ఆడవాళ్ళ కట్టు, బొట్టు, మన ఎండ, మన నీళ్ళు వేసేరు. అందుకే పెద్దలు ఆయన్ని ఆంధ్ర చిత్రకళకి దారి వేసినవాడు అంటారు. పురాణం బొమ్మ వేసినా అందులో ఉన్న మనిషి గోదావరి రేవులో కనబడే మనిషిలాగే ఉంటుందని మాస్టారు చెప్పేరు.

బొమ్మ వెయ్యడానికి ముందు ఆయన చిన్న పుస్తకాల్లో పెన్సిల్‌తో గీసుకునేవారు. అలాంటి పుస్తకాలు ఇప్పటికీ దాచి ఉన్నాయి. మనిషి ఎలా నిలబడింది, చెయ్యి ఎలా వంచింది, చెట్టు కొమ్మ ఎటు పోయింది, ఇవన్నీ చూసి చూసి గీసుకున్నవి. అంటే ఆయన గొప్పతనం చేతి కంటే ముందు కంట్లో ఉంది.

ఆయన బొమ్మలు దూరదేశం కూడా వెళ్ళేయి. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో పెద్ద ప్రదర్శన జరిగితే అక్కడ పెట్టేరు. ఆయన బొమ్మల్ని లండన్‌లో జనం చూసేరు.

ఇంటి ఆడవాళ్ళ చేతికి కుంచె

అక్కలారా, ఇది మనం గుర్తు పెట్టుకోవలసిన విషయం. వంద సంవత్సరాల కిందట ఆడపిల్లని బడికి పంపడమే తక్కువ. రామారావు గారి భార్య సత్యవాణి గారు బొమ్మలు వేసేవారు. ఆయన చెల్లెలు బుచ్చి కృష్ణమ్మ గారు కూడా వేసేవారు. వీళ్ళిద్దరి పేర్లు కూడా చిత్రకారుల్లో చెప్తారు. ఆడవాళ్ళని బొమ్మల్లో వేసినవాళ్ళు చాలామంది ఉంటారు. ఆడవాళ్ళ చేతికి కుంచె ఇచ్చినవాళ్ళు ఎంతమంది? అందుకే నాకు ఆయన మీద గౌరవం ఎక్కువైంది. మన క్లాసులో పోయిన ఏడాది ఉన్న ఇద్దరు గుంటలు ఈ ఏడాది రాలేదు. పెళ్ళి చేసేసేరు. అందులో ఒకర్తె నాకంటే ముగ్గులు బాగా వేస్తుంది.

మరణం

ఇక రాయడానికి కష్టమైన మాట. 1925 ఫిబ్రవరి 6న రామారావు గారు మశూచి వచ్చి చనిపోయేరు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండడానికి ఇంకా నెల రోజులు ఉంది. బొంబాయి చదువు అయ్యేక ఆయనకి దక్కింది నాలుగైదు సంవత్సరాలే. మనం ఇప్పుడు చూసే బొమ్మలన్నీ అంత చిన్న వయసులో వేసినవే.

మశూచి అంటే మన ఊళ్ళల్లో అమ్మోరు పోసింది అంటారు. ఒళ్ళంతా పొక్కులొస్తాయి. చాలామంది చచ్చిపోయేవారు. బతికినవాళ్ళకి మొహం మీద మచ్చలు ఉండిపోయేవి, కొందరికి కళ్ళు పోయేవి. దానికి టీకా 1796లోనే ఇంగ్లండులో జెన్నర్ అనే డాక్టరు కనిపెట్టేరు. కొన్నేళ్ళకే మన దేశానికీ వచ్చింది. కానీ అందరికీ అందలేదు, అందినా చాలామంది భయపడి వేయించుకోలేదు. చివరికి ఊరూరూ తిరిగి, ఇల్లిల్లూ వెతికి టీకాలు వేసేరు. మన దేశంలో 1975 తర్వాత మశూచి లేదు. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించేరు. రామారావు గారు పోయిన యాభై ఏళ్ళకి ఆ జబ్బు మన దేశం విడిచిపోయింది. మన హాస్టల్‌కి నర్సమ్మగారు సూదులు వెయ్యడానికొస్తే మంచాల కింద దాక్కునేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి. నేనూ దాక్కున్నదాన్నే.

మా నాయనమ్మకి చిన్నప్పుడు మశూచి వచ్చింది. ఆవిడతో పాటు ఇంకో ఇద్దరు తమ్ముళ్ళకి వచ్చిందట. వాళ్ళు పోయేరు, ఆవిడ బతికింది. మొహం నిండా గుంటలు. చిన్నప్పుడు నేను ఆ గుంటల్లో వేలు పెట్టి లెక్కపెట్టేదాన్ని. ఆవిడ నవ్వేది. ఆవిడకి ఉన్న ఒకే ఒక్క ఫోటో రేషన్ కార్డు మీదది. అందులో మచ్చలు కనబడవు, మొహమే సరిగ్గా కనబడదు.

ఆయన పోయేక

రామారావు గారు పోయినా బొమ్మల బడి వెంటనే ఆగిపోలేదు. వరదా వెంకటరత్నం గారు, ఇంకా స్నేహితులు నడిపించేరు. ఆయన బొమ్మలు చెల్లాచెదురు కాకుండా కాపాడేరు. రాజమండ్రిలో ఆయన పేరు మీద చిత్రకళా మందిరం ఉంది. బొమ్మలు, పెన్సిల్‌తో గీసుకున్న పుస్తకాలు అక్కడే ఉన్నాయి. మన స్కూలు విజ్ఞాన యాత్రకి ఎప్పుడైనా అటు తీసుకెళ్తే బాగుంటుందని హెచ్.ఎం. గారికి, వార్డెన్ మేడంగారికి మా తరగతి తరఫున విన్నపం. నలుపు తెలుపులో చూసిన కార్తీక పౌర్ణమికి ఏ రంగులున్నాయో నాకు చూడాలని ఉంది.

నేను నేర్చుకున్నది

మొదట్లో సిగ్గేసింది అన్నాను కదా. రామారావు గారు బొంబాయి చూసి, అజంతా చూసి, ఇంగ్లీషు పద్ధతి నేర్చుకుని, ఇంటికొచ్చి తన ఊరి రేవు వేసేరు. నేనేమో ఎక్కడికీ వెళ్ళకుండా, నా ఊరు వదిలేసి, లేని కొబ్బరి చెట్టు వేసేను. ఆయనకి దగ్గరున్నదే గొప్పగా కనబడింది. నాకు దగ్గరున్నది తక్కువగా కనబడింది. తేడా అదే.

పోయిన సెలవుల్లో సీతంపేట సంతకి మా అమ్మతో వెళ్ళేను. ఎప్పుడూ వెళ్తాను గానీ ఈసారి నిలబడి చూసేను. అనాస పళ్ళు మోసుకుని కొండ దిగే ఆడవాళ్ళు, కావిళ్ళు, చింతపండు బుట్టలు, కొండచీపుర్లు, తూకం దగ్గర గొడవలు, గొడుగు కింద గాజులమ్మే ఆయన. పాత పరీక్ష కాగితాల వెనకాల పెన్సిల్‌తో గీసేను. కావిడి సరిగ్గా రాలేదు. బరువు మోసేటప్పుడు భుజం ఎలా వంగుతుందో ఇంకా చూడాలి.

తర్వాత మా నాయనమ్మని అరుగు మీద కూర్చోబెట్టి ఆవిడ మొహం గీసేను. మచ్చలు వెయ్యాలా, మానాలా అని చాలా సేపు ఆలోచించేను. వేస్తే బాధపడుతుందేమో అనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు గియ్యాలి కదా, వేసేను. చూపిస్తే ఆవిడ కాగితం తల్లకిందులుగా పట్టుకుని చూసింది. తిప్పి పెట్టేను. చాలా సేపు ఏమీ అనలేదు. తర్వాత దాన్ని మడత పెట్టి, రేషన్ కార్డు ఉన్న సంచిలోనే దాచుకుంది. అందుకని ఆ బొమ్మ ఇక్కడ అంటించలేకపోయేను. సంత బొమ్మ మాత్రం కింద అంటించేను. చూడండి.

వచ్చే నెల డ్రాయింగు పోటీ ఉంది. చెల్లెళ్ళారా, కొబ్బరి చెట్టు వెయ్యొద్దని నేను చెప్పను. మీ ఊళ్ళో ఉంటే వెయ్యండి. లేకపోతే మీ ఊళ్ళో ఉన్నది వెయ్యండి. మీ అమ్మ వరి దంచడం, మీ అయ్య పోడులో గింజలు చల్లడం, మన మెస్సు ముందు కంచాలు పట్టుకున్న వరస, ఏదైనా సరే. మన హాస్టల్ వెనకాల గోడ ఒకటి ఖాళీగా ఉంది. ఎర్రమట్టి మేమే తెస్తాం, బియ్యప్పిండి కొంచెం చాలు. మేట్రన్ అమ్మగారు, వార్డెన్ మేడంగారు ఒప్పుకుంటే ఆ గోడ మీద మా పెద్దలు వేసే బొమ్మలు వేస్తామని అడుగుతున్నాం.

ఇంత పొడుగు రాసినందుకు ఏమీ అనుకోవద్దు. 

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని